బాబాయి కంటి మెలనోమా రిపోర్టులో సీ-మెట్ పాజిటివ్ అని ఉంది, టాబ్లెట్ మొదలుపెట్టమంటున్నారు, తెలిసినవాళ్లు చెప్పండి

పొన్నూరు అమ్మాయి

అందరికీ నమస్కారం అండి, పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మా బాబాయికి 52 ఏళ్లు, మిర్చి, మొక్కజొన్న వేస్తాడు. పోయినేడాది కోతలప్పుడు ఎడమ కంటికి ఓ పక్కన నల్ల తెర కట్టినట్టుందన్నాడు, మేం శుక్లం వస్తోందేమో అనుకున్నాం, కళ్లద్దాల షాపులో చూపిస్తే నంబరు మార్చి పంపించారు, అలా మూడు నెలలు పోయాయి. చివరికి రెటీనా డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే చుక్కలు వేసి కూర్చోబెట్టి లోపల చూసి, కంటి రెప్ప మీద జెల్ రాసి స్కాన్ తీశారు. స్క్రీన్ మీద నాక్కూడా చూపించారు, పుట్టగొడుగులా మెడ సన్నగా తల లావుగా ఒక గడ్డ. కోరాయిడల్ మెలనోమా అన్నారు, అంటే రెటీనా వెనక పొరలో, రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. ఎత్తే 12 మిల్లీమీటర్లు ఉంది, రేడియేషన్ ప్లేట్ పెట్టే సైజు దాటిపోయింది, కన్ను తీసేయడమే మంచిదన్నారు. తీసేశారు. ఇప్పుడు ఆర్టిఫిషియల్ కన్ను పెట్టించుకుని మళ్లీ పొలం వెళ్తున్నాడు, లివర్ స్కాన్ కూడా క్లియర్‌గానే వచ్చింది.

సమస్య బయాప్సీ రిపోర్టు దగ్గర మొదలైంది. దాంట్లో స్పిండిల్ (కదురులా పొడుగువి), ఎపిథీలియాయిడ్ (గుండ్రంగా పెద్దవి) కణాలు రెండూ కలిసిన రకం అని, బాప్1 లాస్ (బాప్1 అనే ప్రోటీన్ గడ్డలో లేదు) అని, కింద వేరే పేపర్లో సీ-మెట్ పాజిటివ్, ఐజీఎఫ్-1 రిసెప్టర్ పాజిటివ్ అని రాశారు. రెండూ రిసెప్టర్లే, అంటే కణం మీద ఉండి పెరగమని వచ్చే కబురు అందుకునే ప్రోటీన్లు. మా చుట్టాల్లో ఒకాయనకి మందుల ఏజెన్సీ వాళ్లు తెలుసు, వాళ్లు ఈ పేపర్ చూసి సీ-మెట్‌కి కరెక్ట్‌గా సరిపోయే టాబ్లెట్ ఉంది, క్రైజోటినిబ్ అంటారు, ఏడాది వాడితే లివర్‌కి పాకదు, లేటు చేయకండి అన్నారట. నెలకి చెప్పిన డబ్బు మావల్ల కాదు. బాబాయి అర ఎకరం అమ్మేస్తానంటున్నాడు, పిన్ని రాత్రంతా ఏడుస్తూనే ఉంది.

నేను ఎమ్మెస్సీ బయోటెక్ చేస్తున్నా, ఇంట్లో అందరూ నన్నే అడుగుతున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్ అనే రిసెప్టర్‌ని ఆపే టాబ్లెట్లు బాగా పనిచేస్తాయని క్లాసులో చదువుకున్నాం, మా లెక్చరర్ గారి అత్తగారు అలాగే నాలుగేళ్లు బాగున్నారు, మరి ఇక్కడ కూడా రిసెప్టర్ పాజిటివ్ అన్నప్పుడు అదే రూలు పనిచేయదా? అసలు కంట్లో గడ్డకి లివర్‌తో ఏం సంబంధం, కన్నే తీసేశాక? మళ్లీ చూపించడానికి ఇంకా రెండు వారాలుంది, ఈలోపు పొలం బేరం పెట్టేస్తాడేమోనని భయంగా ఉంది.

స్లైడు బాక్స్

చెల్లె, నేను డాక్టర్‌ను కాదు, హిస్టోపాథాలజీ టెక్నీషియన్‌ని, మాది వరంగల్, పదకొండేండ్ల సంది స్లైడ్లు చేస్తున్న. ట్రీట్‌మెంట్ సంగతి నేను చెప్పలేను గని ఆ పాజిటివ్ అన్న మాట ఎట్ల పుడతదో చెప్త, అది తెలిస్తే సగం భయం తగ్గుతది.

తీసిన కన్నును ఫార్మలిన్‌ల ఉంచి, కోసి, గడ్డ ఉన్న ముక్కను మైనం బ్లాక్‌ల పెడ్తం. ఆ బ్లాక్ నుంచి నాలుగు మైక్రాన్ల మందం పొర కోసి, గోరువెచ్చటి నీళ్ల మీద తేలేసి, గాజు స్లైడ్ మీదికి ఎత్తుతం. దాని మీద ఏ ప్రోటీన్ కోసం చూస్తున్నమో దానికి అతుక్కునే యాంటీబాడీ పోస్తం, అతుక్కున్న కాడ రంగు వస్తది. మామూలుగా వచ్చే రంగు గోధుమ రంగు. కంటి మెలనోమాల తిప్పలేందంటే ఆ గడ్డే గోధుమ రంగుల ఉంటది, మెలనిన్ అనే రంగు పదార్థం నిండుగ ఉంటది గద. మట్టిరోడ్డు మీద మట్టి మరక వెతికినట్టు అయితది. అందుకే ఎర్ర రంగు వచ్చే కెమికల్ వాడుతరు, లేకుంటే ముందుగాల మెలనిన్‌ను బ్లీచ్ చేసి తెల్లగ చేసినంక స్టెయిన్ చేస్తరు. ఈ జాగ్రత్త తీసుకోకపోతే నెగటివ్‌ది కూడ పాజిటివ్ లెక్కనే కనపడ్తది. మీ రిపోర్ట్‌ల ఏ రంగు వాడిన్రో, ఎంత శాతం కణాలు పట్టినయో, లైట్‌గ పట్టినయా గట్టిగ పట్టినయా రాసి ఉందా చూడు. ఒట్టిగ పాజిటివ్ అని ఒక్క ముక్క ఉంటే దాని మీద భూమి అమ్ముకునేంత నమ్మకం పెట్టుకోవద్దు.

ఇంకో మాట, సీ-మెట్, ఐజీఎఫ్-1 రిసెప్టర్ అన్నవి కంటి మెలనోమాకు రోజూ చేసే టెస్టులు కావు. వేరే పేపర్ల వచ్చినయంటున్నవు, బహుశా ఏదో స్టడీ కోసం మీతోటి సంతకం తీసుకుని చేసి ఉంటరు, గుర్తు చేసుకో. డాక్టర్ సార్లు ముందుగాల చూసేది బాప్1. మంచిగున్న కణంల న్యూక్లియస్‌కు రంగు పడ్తది. మీ బాబాయి గడ్డల న్యూక్లియస్‌లు ఖాళీగ ఉన్నయన్నట్టు, పక్కనే ఉన్న మామూలు రక్తనాళం కణాలకేమో రంగు పడి ఉంటది, దాన్ని చూసే స్టెయిన్ సరిగ్గ పనిచేసిందని మేం నమ్ముతం. లాస్ అంటే ముందు ముందు వేరే కాడికి పోయే గుణం ఎక్కువున్న గడ్డ అని లెక్క. అందుకే ఫాలోఅప్ గట్టిగ చేస్తరు. నువ్వు మీ డాక్టర్‌ను అడగాల్సింది దాని గురించి.

తణుకు టు ఫిలడెల్ఫియా

స్లైడు బాక్స్ అన్నగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఇక్కడ క్యాన్సర్ సిగ్నలింగ్ మీద పోస్ట్‌డాక్ చేస్తున్నాను, రోగుల్ని చూసే డాక్టర్ని కాను, కానీ ఈ రిసెప్టర్ల గోల నాకు రోజూ ఉండేదే కాబట్టి వివరంగా రాస్తాను, బాబాయి గారికి కూడా చదివి వినిపించండమ్మా.

ముందు లంగ్ క్యాన్సర్ పోలిక సంగతి. అక్కడ టాబ్లెట్ పనిచేసేది కణం మీద ఈజీఎఫ్‌ఆర్ ఉన్నందుకు కాదు. ఆ ఈజీఎఫ్‌ఆర్ జీన్‌లోనే మ్యుటేషన్ వచ్చి, ఆ గడ్డ మొత్తం దాని మీదే ఆధారపడి బతుకుతోంది కాబట్టి పనిచేస్తుంది. కంటి మెలనోమాలో కూడా కొన్నిట్లో ఈజీఎఫ్‌ఆర్ ఉంటుంది, చాలావాటిలో సీ-కిట్ అనే ఇంకో రిసెప్టర్ ఉంటుంది, సీ-మెట్ ఉంటుంది, కానీ వాటిలో మ్యుటేషన్లు దాదాపు కనపడవు. ఉండటం వేరు, దాని మీదే బతకడం వేరు. సీ-కిట్ కనపడింది కదా అని దాన్ని ఆపే ఇమాటినిబ్ ఇచ్చి చూశారు, చిన్న ట్రయల్సే, గడ్డలు తగ్గలేదు.

మరి ఈ గడ్డ దేని మీద బతుకుతోంది? అది 2009లో, 2010లో బయటపడింది. పదిలో ఎనిమిది తొమ్మిది కంటి మెలనోమాల్లో జీఎన్ఏక్యూ గానీ జీఎన్ఏ11 గానీ, ఈ రెండిట్లో ఒక జీన్ చెడిపోయి ఉంటుంది. చర్మం మెలనోమాలో సగం మందికి ఉండే బీరాఫ్ మ్యుటేషన్ ఇక్కడ దాదాపు ఉండదు, పేరు ఒకటే గానీ జబ్బులు వేరు. ఈ జీఎన్ఏక్యూ ప్రోటీన్ కణం పొర లోపలి వైపు ఉండే స్విచ్. ఆన్ అయ్యాక కాసేపటికి జీటీపీ అనే అణువుని తనే విరగ్గొట్టుకుని ఆఫ్ అయిపోవాలి. 209వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే ఆ విరగ్గొట్టే పని ఆగిపోతుంది, ఇక ఆఫ్ కాదు. బాబాయి గారికి ఇలా చెప్పండి, బోరు మోటారు స్టార్టర్‌లో కాంటాక్టర్ అతుక్కుపోతే ఎర్ర బటన్ ఎన్నిసార్లు నొక్కినా మోటారు ఆగదు చూడండి, సరిగ్గా అదే. అక్కణ్ణుంచి పీకేసీ, ఆ తర్వాత మ్యాప్ కైనేజ్ అనే దారిలో పెరుగు పెరుగు అని కబురు పోతూనే ఉంటుంది, వేరే దారిలో యాప్ అనే ఇంకో ప్రోటీన్ కూడా లేచి కూర్చుంటుంది.

గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్లు ఎక్కడ వస్తాయంటే, గ్రోత్ ఫ్యాక్టర్లు అంటే బయటి నుంచి పెరగమని కబురు తెచ్చే ప్రోటీన్లు, అవి కాలవ నీళ్లు, రిసెప్టర్లు ఆ కాలవ తూములు అనుకోండి. పొలానికి బోరు ఉంది, కాలవ కూడా ఉంది. బోరు, అంటే ఆ చెడిపోయిన స్విచ్, ఆగకుండా పోస్తోంది. కాలవ తూము మూసేసినంత మాత్రాన పొలం ఎండుతుందా? ఎండదు. సీ-మెట్ ఒక్కదాన్నే మూసే టాబ్లెట్‌కి ఇదే జరిగింది.

మరి లివర్ ఎందుకంటే, ఇది పాత ప్రశ్నే. కంటి లోపల లింఫ్ నాళాలు లేవు, అందుకని ఈ కణాలు బయటికి పోవాలంటే రక్తంలోనే పోవాలి. రక్తం అన్ని చోట్లకీ పోతుంది కదా, కానీ కంటి మెలనోమా వేరే చోటికి పాకినవాళ్లలో పదింట తొమ్మిది మందికి లివర్లో కనపడుతుంది. ఎర్న్‌స్ట్ ఫుక్స్ అనే ఆస్ట్రియా కంటి డాక్టర్ 1882లో ఈ గడ్డల మీదే ఒక పెద్ద గ్రంథం రాశారు, ఆయన ఆలోచనని తీసుకునే 1889లో లండన్లో స్టీఫెన్ పాజెట్ విత్తనం-నేల సిద్ధాంతం చెప్పారు, విత్తనం గాలికి ఎక్కడెక్కడో పడుతుంది, మొలిచేది మాత్రం నచ్చిన నేలలోనే అని. ఆ నేలలో ఏముందో ఇప్పుడు మనకి కొంత తెలుసు. లివర్లో స్టెల్లేట్ కణాలని ఉంటాయి, అవి హెచ్‌జీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ తయారుచేస్తాయి, సీ-మెట్‌ని తట్టి లేపేది అదే. లివర్ దెబ్బతింటే మళ్లీ పెరగడానికి మన ఒంట్లో పెట్టుకున్న ఏర్పాటు అది. దానికి ఇంకో పేరు స్కాటర్ ఫ్యాక్టర్, డిష్‌లో గుంపుగా అతుక్కుని ఉన్న కణాల మీద దాన్ని వేస్తే చెయ్యి వదిలేసి తలో దిక్కూ పాకడం మొదలుపెడతాయి, నేను మొదటిసారి టైమ్‌ల్యాప్స్‌లో చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఐజీఎఫ్-1 రిసెప్టర్‌ని లేపే గ్రోత్ ఫ్యాక్టర్ ఐజీఎఫ్-1, రక్తంలో తిరిగే దాంట్లో ఎక్కువ భాగం కూడా లివర్లోనే తయారవుతుంది. స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కా వాళ్లు 2002లో ప్రచురించిన స్టడీలో ఐజీఎఫ్-1 రిసెప్టర్ ఎక్కువగా ఉన్న గడ్డల వాళ్లే ఈ జబ్బు పాకి ఎక్కువగా చనిపోయారని చూపించారు. అంటే లివర్ అనేది కాలవ మొదట్లో ఉన్న పొలం, అక్కడ నీళ్లకి కరువుండదు. కన్ను తీసేసినా, అంతకు ముందే ఒకటో రెండో కణాలు వెళ్లి అక్కడ ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుని ఉండొచ్చు, స్కాన్లు అందుకే.

ఇక మీ అసలు ప్రశ్న. అచ్చంగా బాబాయి గారిలాంటి వాళ్ల మీదే, అంటే కంట్లో గడ్డకి ట్రీట్‌మెంట్ అయిపోయి, పాకే రిస్క్ ఎక్కువగా ఉండి, స్కాన్ క్లియర్‌గా ఉన్నవాళ్ల మీదే క్రైజోటినిబ్ ఇచ్చి చూశారు, 34 మంది, 48 వారాల పాటు, 2022లో పేపర్ వచ్చింది. 32 నెలలు గడిచేసరికి జబ్బు పాకకుండా ఉన్నవాళ్లు దాదాపు సగం మందే. ఇదే రిస్క్ ఉండి ఏ మందూ వాడనివాళ్ల పాత లెక్కలతో పోలిస్తే తేడా ఏమీ కనపడలేదు. పాకిన తర్వాత సీ-మెట్‌నీ, రక్తనాళాలు పెంచే వీఈజీఎఫ్ రిసెప్టర్‌నీ కలిపి ఆపే కాబోజాంటినిబ్‌ని కీమోతో పోల్చిన ట్రయల్ కూడా ఉంది, జబ్బు ముదరకుండా ఆగిన కాలం రెండు వైపులా సుమారు 60 రోజులే. ఏడాది వాడితే పాకదు అని మీకు చెప్పినవాళ్లు ఈ పేపర్లు చదివి ఉండరు. చదివి కూడా చెప్పి ఉంటే అది చాలా తప్పు. అర ఎకరం అమ్మొద్దని చెప్పండమ్మా.

రమ్య ఫార్మ్‌డీ

తణుకు గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను కానీ సీ-మెట్‌ని పూర్తిగా కొట్టిపారేసినట్టు అయిపోయింది, అది నాకు సరికాదనిపించింది. డారోవాసెర్టిబ్ అనే పీకేసీ ఇన్హిబిటర్‌తో (పీకేసీని ఆపే మందుతో) కలిపి ఇదే క్రైజోటినిబ్ ఇస్తే లివర్‌కి పాకినవాళ్లలో గడ్డలు తగ్గుతున్నాయని రిపోర్టులు వచ్చాయి కదా, మరి రిసెప్టర్ పనికిరాదని ఎలా అంటాం?

ఇంకోటి పొన్నూరు చెల్లికి. క్రైజోటినిబ్ మొదట సీ-మెట్ కోసమే తయారుచేసిన మందు, కానీ 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది మాత్రం ఆల్క్ అనే జీన్ తేడా ఉన్న లంగ్ క్యాన్సర్‌కి. దాని సైడ్ ఎఫెక్టుల్లో ఎక్కువమందికి వచ్చేది చూపు తేడా. చీకట్లోంచి వెలుతురులోకి వచ్చినప్పుడు మెరుపులు, కదిలే వస్తువు వెనక తోకలాగా వెలుగు కనపడటం. రెండు కళ్లూ ఉన్నవాళ్లు ఎలాగో సర్దుకుంటారు, ఒక్క కంటితో తెల్లవారకముందే పొలం గట్టు మీద నడిచే మనిషికి అది చిన్న విషయం కాదు. లివర్ ఎంజైములు కూడా పెరుగుతాయి, అప్పుడు లివర్ టెస్టులో తేడా వస్తే మందు వల్లా జబ్బు వల్లా అని తేల్చుకోలేక ఇంకో టెన్షన్. ఏజెన్సీ వాళ్లు ఇవేమైనా చెప్పారా? ఇలాంటి మందు ఆంకాలజిస్ట్ రాయకుండా ఇంటికి రావడమే తప్పు.

తణుకు టు ఫిలడెల్ఫియా

రమ్య గారూ మంచి పాయింట్, నేను సగంలో ఆపేశాను, అందుకే అలా అనిపించింది. రిసెప్టర్ పనికిరాదు అని కాదు నా ఉద్దేశం, ఒంటరిగా పనికిరాదు అని. దీనికి ముందు ఉల్టా ప్రయోగం జరిగింది చూడండి, బోరు వైపు నుంచి మూద్దామని, మ్యాప్ కైనేజ్ దారిలోనే ఉండే మెక్ అనే ప్రోటీన్‌ని ఆపే మెక్ ఇన్హిబిటర్లు ఇచ్చారు. వాటిలో సెల్యుమెటినిబ్ 2014లో కొంత ఆశ చూపించింది, ఆ తర్వాత పెద్ద ట్రయల్లో నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో వెతికినవాళ్లలో ఇక్కడి ఫిలడెల్ఫియా ల్యాబ్ వాళ్లు కూడా ఉన్నారు, 2015లో చూపించారు, మెక్ ఆపిన కణాలకి హెచ్‌జీఎఫ్ గానీ, న్యూరెగ్యులిన్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ గానీ అందిస్తే అవి మళ్లీ బతికేస్తున్నాయి. హెచ్‌జీఎఫ్ సీ-మెట్ ద్వారా, న్యూరెగ్యులిన్ ఈఆర్‌బీబీ3 అనే ఇంకో రిసెప్టర్ ద్వారా. లివర్లో ఇవి దొరికేవే కదా. బోరు మూస్తే కాలవ నీళ్లతో బతికింది అన్నమాట, అందుకే డిష్‌లో చచ్చిన కణం లివర్లో చావదు.

రెండూ ఒకేసారి మూయాలనే ఆలోచన అక్కణ్ణుంచే బలపడింది, డారోవాసెర్టిబ్‌తో బోరు వైపు, క్రైజోటినిబ్‌తో కాలవ వైపు. నాకు ఈ జబ్బులో చాలా నమ్మకం కలిగించిన ఆలోచన ఇది, నిజంగా మనసారా కోరుకుంటున్నాను నిలబడాలని. కానీ అది పాకినవాళ్లకి, డాక్టర్ల కళ్ల ముందు, ట్రయల్లో ఇచ్చేది. అందులోంచి క్రైజోటినిబ్ ఒక్కటే విడదీసి పాకనివాళ్లకి అమ్మితే అది ఆ వైద్యం కాదు.

సాగరతీరం

పొన్నూరు అమ్మాయీ, మా అమ్మకి కూడా ఇదే జబ్బు, 2019లో తెలిసింది, మాది వైజాగ్. అమ్మది చిన్న సైజు, 5 మిల్లీమీటర్ల లోపే, అందుకని కన్ను తీయలేదు, రుథేనియం ప్లేట్ పెట్టారు. మన ముంబై బార్క్‌లో (భాభా అణు పరిశోధన కేంద్రంలో) కూడా ఈ ప్లేట్లు తయారుచేస్తారట. రూపాయి బిళ్లంత వెండి గిన్నెలా ఉంటుంది, కనుగుడ్డు వెనకవైపు గడ్డ ఉన్నచోట కుట్టేసి, అమ్మకి నాలుగు రోజులు ఉంచి తీసేశారు. ఆ నాలుగు రోజులూ అమ్మ గదిలోకి నన్ను ఎక్కువసేపు ఉండనివ్వలేదు, గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడేదాన్ని, అన్నం ప్లేటు అక్కడ పెట్టి వచ్చేయమనేవాళ్లు.

గ్రోత్ ఫ్యాక్టర్ అనే మాట నేను మొదట విన్నది ఆ తర్వాత. రెండేళ్లకి రేడియేషన్ వల్ల రెటీనాలో నీరు చేరి చూపు మసకబారింది, అప్పుడు కంట్లోకి బెవాసిజుమాబ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇది క్యాన్సర్ మందు కదా అమ్మా గడ్డ మళ్లీ వచ్చిందా అని భయపడి అడిగితే డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు, రేడియేషన్ తగిలిన రెటీనా ఆక్సిజన్ చాలక వీఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ వదులుతుంది, దానికి రక్తనాళాలు కారతాయి, ఈ మందు దాన్ని పట్టేసుకుంటుంది, ఇది చూపు కాపాడటానికే గానీ గడ్డకి కాదు అని. ఒకే మందు, ఒకే గ్రోత్ ఫ్యాక్టర్, కానీ దేనికి వాడుతున్నామన్నదే ముఖ్యం అని నాకప్పుడు అర్థమైంది. మీ టాబ్లెట్ విషయం చదివితే అదే గుర్తొచ్చింది.

నేను చెప్పేదొక్కటే. ఆ డబ్బు పొలంలోనే ఉంచండి. లివర్ స్కాన్ మాత్రం ఒక్కటి కూడా మానొద్దు. మేం ఆరు నెలలకోసారి చేయిస్తాం, మీ బాబాయి గారికి బాప్1 లాస్ అంటున్నారు కాబట్టి ఇంకా దగ్గర దగ్గరగా చెప్తారేమో అడగండి. అల్ట్రాసౌండ్‌లో కనపడని చిన్నవి ఎమ్మారైలో కనపడతాయని మా డాక్టరమ్మ ఎమ్మారైయే రాస్తారు. ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు, ఆరేళ్లు దాటినా అలవాటు కాలేదు, అది మీకు కూడా ఉంటుంది. ఆ రోజు పిన్నిగారి పక్కన ఎవరో ఒకరు ఉండండి.

పొన్నూరు అమ్మాయి

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నిన్న రాత్రి భోజనాలయ్యాక బాబాయికి మొత్తం చదివి వినిపించాను. బోరు, కాలవ దగ్గరికి వచ్చేసరికి నన్ను ఆపి మళ్లీ చదవమన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మరి కాలవొక్కటే కడితే ఏం లాభం అన్నాడు. పొలం బేరం ఆపేశాడు.

స్లైడు బాక్స్ అన్నా, మీరన్నట్టే సంతకం పెట్టిన పేపర్ దొరికింది, స్టడీ కోసమే చేశారు, ట్రీట్‌మెంట్ నిర్ణయానికి వాడకూడదని కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది, మేమే చూసుకోలేదు.

ఇంకో మూడు సందేహాలు. ఐజీఎఫ్ పాజిటివ్ కాబట్టి పాలు, పెరుగు, చక్కెర మానేయాలని వాట్సాప్‌లో వచ్చింది, పిన్ని అప్పుడే ఇంట్లో పెరుగు తోడేయడం మానేసింది, ఇది నిజమేనా? బాప్1 అంటే పిల్లలకి కూడా వస్తుందా, బాబాయికి ఇద్దరు కొడుకులు. టెబెంటాఫస్ప్ అనే ఇంజెక్షన్ గురించి కూడా చదివాను, అది మనవాళ్లకి పనికొస్తుందా?

తణుకు టు ఫిలడెల్ఫియా

పెరుగు మానేస్తే కంటి మెలనోమా పాకకుండా ఆగుతుందని చూపించిన ట్రయల్ ఏదీ లేదమ్మా. ఒంట్లో ఐజీఎఫ్-1 ఎంత ఉండాలన్నది గ్రోత్ హార్మోన్, లివర్ కలిసి చూసుకునే పని, ఒక గిన్నె పెరుగుతో తేలేది కాదు. ఎండలో పనిచేసే మనిషి, కడుపునిండా పెరుగన్నం తిననివ్వండి. షుగర్ జబ్బు ఉంటే అది వేరే లెక్క, దానికి డాక్టర్ చెప్పిన పథ్యం చేయాలి.

బాప్1 విషయం, ఆ జీన్ మూడో క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఎక్కువమందిలో అది గడ్డలో మాత్రమే పోతుంది, పుట్టుకతో కాదు. కొద్దిమందిలో మాత్రం పుట్టుకతోనే లోపం ఉండి కుటుంబంలో కంటి మెలనోమా, కిడ్నీ క్యాన్సర్, మెసోథీలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల పైపొరకి వచ్చే క్యాన్సర్) లాంటివి కనపడతాయి. మీ ఇంట్లో అలాంటివి ఎవరికైనా ఉన్నాయా అని పెద్దవాళ్లని అడిగి రాసుకుని వెళ్లండి, జెనెటిక్ టెస్ట్ అవసరమా లేదా డాక్టర్ గారు చెప్తారు.

టెబెంటాఫస్ప్ అమెరికాలో 2022 జనవరిలో వచ్చింది, పాకిన కంటి మెలనోమాలో బతికే కాలం పెంచినట్టు పెద్ద ట్రయల్లో చూపించిన మందు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు ఆ మందు వాడినవాళ్లలో 73 శాతం, మిగతావాళ్లలో 59 శాతం. అది రిసెప్టర్ మందు కాదు, మన రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాన్ని తీసుకొచ్చి గడ్డ కణానికి అంటించేది. కణాల మీద పుట్టుకతో ఉండే గుర్తుల్లో హెచ్‌ఎల్‌ఏ-ఏ02:01 అనే టైప్ ఉన్నవాళ్లకే పనిచేస్తుంది, ఆ టైప్ తెల్లవాళ్లలో ఉన్నంత ఎక్కువగా మనవాళ్లలో ఉండదు. ఇప్పుడు బాబాయి గారికి ఆ అవసరమే లేదు, అయినా ఈ టైప్ ఏంటో ఒకసారి రక్త పరీక్ష చేయించి ఫైల్లో పెట్టుకోవడం మంచిదా అని డాక్టర్ గారిని అడగండి.

స్లైడు బాక్స్

చెల్లె, పోయేటప్పుడు మర్చిపోవద్దు, మైనం బ్లాక్ ఎన్నేండ్లు దాస్తరో పాథాలజీ కౌంటర్ల అడుగు. ప్రతి ల్యాబ్‌కు ఒక లెక్క ఉంటది, ఆ గడువు అయిపోతే కొన్ని చోట్ల తీసేస్తరు. రేపు ఏ ట్రయల్ వచ్చినా, జీఎన్ఏక్యూ టెస్ట్ చేయాలన్నా మొదట అడిగేది ఆ బ్లాకే, కన్ను మళ్ల రాదు గద. నంబర్ రిపోర్ట్ పైన మూలకు ఉంటది, దాన్ని ఫోన్‌ల ఫొటో తీసి పెట్టుకో.

పొన్నూరు అమ్మాయి

తీసి పెట్టుకున్నా అన్నా, బాబాయి ఫోన్లో కూడా వేశాను. ఎమ్మారై వచ్చే గురువారం. పిన్నితో నేను వెళ్తున్నా. రిజల్ట్ వచ్చాక ఇక్కడే రాస్తాను.